మమ్మీ పెట్టె మీది దుమ్ము ఎవరు తుడవాలి? మ్యూజియం ఉద్యోగాల్లో వర్గ భేదం

1973లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో, వాడ్స్‌వర్త్ అథీనియం అనే మ్యూజియంలో ఒక ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక ఈజిప్టు మమ్మీ గాజుపెట్టెలో ఉండేది. ఆ గాజు మీద పడే దుమ్మునూ, చూడవచ్చినవాళ్ల వేలిముద్రలనూ తుడిచే పని పారిశుధ్య సిబ్బందిది. మియెర్లే లాడర్‌మన్ యూకలీస్ అనే కళాకారిణి ఆ రోజు గుడ్డ తన చేతికి తీసుకుని పెట్టెను తుడిచింది. తుడిచాక, ఈ తుడవడమే నా కళాఖండం అని ప్రకటించింది. దాంతో ఆ పెట్టె కూడా కళాఖండాల కోవలోకి వచ్చేసింది. కళాఖండాన్ని శుభ్రం చేసే అధికారం కన్సర్వేటర్‌కే, అంటే వస్తువులు పాడవకుండా చూసే నిపుణుడికే ఉంటుంది కాబట్టి, నిన్నటిదాకా దాన్ని తుడిచిన కార్మికుడు ఇక ముట్టుకోకూడదు. గాజు అదే, దుమ్ము అదే, తుడిచే తీరూ దాదాపు అదే. పని ఒక జీతం నుంచి ఇంకో జీతానికి, ఒక హోదా నుంచి ఇంకో హోదాకు ఎగబాకింది.

యాభై ఏళ్లు దాటినా ఆ ప్రదర్శన లేవనెత్తిన ప్రశ్న పాతబడలేదు. ఒక మ్యూజియంలో పనిచేసేవాళ్లందరూ కలిసి కాపాడేది అవే వస్తువులను. అలాంటప్పుడు ఒకరు కాపాడితే అది పాండిత్యం, మరొకరు కాపాడితే అది చాకిరీ ఎలా అవుతోంది? చదువు వల్ల అని చప్పున చెప్పేయొచ్చు. అందులో నిజం లేకపోలేదు. పాత పట్టువస్త్రం మీద ఏ ద్రావకం వాడాలో, ఎంత వెలుతురు ఎంతసేపు పడితే రంగు వెలిసిపోతుందో తెలియాలంటే ఏళ్లు పడుతుంది. అయితే ఆ ఏళ్లను ఖర్చుపెట్టగలిగేది ఎవరు?

ఇక్కడ వర్గం అన్న మాటను కొంచెం విడదీయాలి. సామాజిక వర్గం అనగానే తెలుగులో కులం స్ఫురిస్తుంది. నేను మాట్లాడుతున్నది పుట్టిన ఇంటి ఆర్థిక స్థితి గురించి. తల్లిదండ్రులు ఏ పని చేసేవారు, ఇంట్లో పుస్తకాలుండేవా, చిన్నప్పుడు మ్యూజియానికి ఎవరైనా తీసుకెళ్లారా, ఉద్యోగం లేకుండా ఏడాది గడపాల్సి వస్తే ఆదుకునేవాళ్లున్నారా అన్నవన్నీ ఇందులోకి వస్తాయి. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియెర్ బోర్డియూ 1960లలో యూరప్ మ్యూజియాల సందర్శకులను పరిశీలించి, కళను ఆస్వాదించే శక్తి పుట్టుకతో వచ్చే వరం కాదని, ఇల్లూ బడీ కలిసి పెంచేదని చూపించాడు. ఆయన దాన్ని సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. ఆయన చూసింది ప్రధానంగా గుమ్మంలోంచి లోపలికి వచ్చే జనాన్ని. గుమ్మం లోపల పనిచేసే జనానికీ ఆ కొలత సరిగ్గా సరిపోతుంది.

నా దృష్టిలో చిక్కుముడి ఒక్కచోటే పడింది. మ్యూజియం జీతాల్లో చాలా మటుకు, ఆ జీతం మీదే బతకాల్సిన మనిషిని ఊహించుకుని నిర్ణయించినవి కావు. వెనకాల ఇంకో ఆదాయం, తల్లిదండ్రులదో జీవిత భాగస్వామిదో, ఉండే ఉంటుందన్న అంచనా వాటిలో దాగి ఉంది. మిగతా ముడులన్నీ దీని చుట్టూ పడ్డవే.

డ్రాయింగ్ రూమ్‌లో నేర్పిన వృత్తి

ఈ అంచనా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియంలో పాల్ శాక్స్ 1921లో మ్యూజియం నిర్వహణ మీద ఒక కోర్సు మొదలుపెట్టాడు. ఆయన గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు కుటుంబంవాడు, ఆ వ్యాపారం వదిలి కళ వైపు వచ్చినవాడు. పాతికేళ్లకు పైగా నడిచిన ఆ కోర్సు నుంచి అమెరికాలోని పెద్ద పెద్ద మ్యూజియాలకు డైరెక్టర్లు, క్యూరేటర్లు (సేకరణలను, ప్రదర్శనలను తీర్చిదిద్దేవాళ్లు) బారులు తీరి వెళ్లారు. 1929లో న్యూయార్క్‌లో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం పెట్టినప్పుడు మొదటి డైరెక్టర్‌గా 27 ఏళ్ల ఆల్ఫ్రెడ్ బార్ పేరు సూచించింది కూడా శాక్సే.

క్లాసులు కొన్ని శాక్స్ సొంత ఇంట్లో, షేడీ హిల్ అనే భవంతిలో జరిగేవి. విద్యార్థులు ఆయన సేకరణలోని వస్తువులను చేతుల్లోకి తీసుకుని చూసేవారు. సంపన్న సేకర్తలను కలిసేవారు, వాళ్లతో ఎలా మెలగాలో నేర్చుకునేవారు. అది అలంకారానికి పెట్టిన పాఠం కాదు, ఆ ఉద్యోగానికి నిజంగా అవసరమైన పాఠం. మ్యూజియంలోకి మంచి చిత్రం రావాలంటే అది ఎవరో ఒక ధనికుడి గోడ మీద నుంచి రావాలి. ఆ ధనికుడికి క్యూరేటర్ తనలాంటి మనిషే అనిపించాలి. భోజనాల బల్ల దగ్గర ఏ మాట ఎప్పుడు ఆడాలి, ఏ సేకరణను ఎంత మెచ్చుకోవాలి, డబ్బు ప్రస్తావన ఎప్పుడు తేవాలి అన్నవి కళా చరిత్రతో సమానంగా పనికొచ్చే విద్యలయ్యాయి. అలాంటి ఇంట్లోనే పుట్టిపెరిగిన కుర్రాడికి ఇందులో నేర్చుకోవాల్సింది సగమే. ఫ్యాక్టరీ కార్మికుడి బిడ్డ మాత్రం మొత్తం నేర్చుకోవాలి, తాను నేర్చుకుంటున్నట్టు ఎవరికీ తెలియనివ్వకుండా నేర్చుకోవాలి.

అలా ఈ వృత్తి, అప్పటికే ఆస్తి ఉన్నవాళ్ల అభిరుచిగా పురుడు పోసుకుంది. జీతం గౌరవ సూచకం, బతుకుతెరువు వేరే చోట ఉండేది. తర్వాతి దశాబ్దాల్లో మామూలు కుటుంబాల పిల్లలు చదువుకుని వచ్చారు. కానీ జీతాల లెక్క పాత పునాది మీద నుంచి పూర్తిగా కదల్లేదు. లోటు భర్తీకి 'ఇది డబ్బు కోసం చేసే పని కాదు' అన్న మాట మిగిలింది. ఈ మాట అనేవాళ్లు చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు. కానీ అద్దె కట్టే రోజున ఆ మాట అందరికీ ఒకేలా వినిపించదు.

ఓపిక పట్టగలిగినవాళ్ల వరుస

ఇప్పుడు క్యూరేటర్ కావాలంటే దారి ఇలా ఉంటుంది. డిగ్రీ తర్వాత పీజీ తప్పనిసరి, పెద్ద మ్యూజియాల్లో పీహెచ్‌డీ కూడా అడుగుతారు. కానీ డిగ్రీలు మాత్రమే చాలవు, 'అనుభవం' ఉండాలి. ఆ అనుభవం వచ్చేది ఇంటర్న్‌షిప్‌లోనో, వలంటీరు పనిలోనో. చాలాకాలం వాటికి జీతం ఇవ్వకపోవడమే ఆనవాయితీ. మంచి ఇంటర్న్‌షిప్‌లు ఉండేవి ఖరీదైన మహానగరాల్లో. అంటే జీతం లేని పని కోసం అద్దె ఎక్కువగా ఉన్న ఊళ్లో ఆరు నెలలో, ఏడాదో ఉండాలి. ఆ తర్వాత వచ్చే మొదటి ఉద్యోగం ఏదో ప్రాజెక్టు గ్రాంటు మీద నడిచే ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టు. అది అయిపోగానే ఇంకో ఊరు, ఇంకో కాంట్రాక్టు. శాశ్వత పోస్టు ఖాళీ కావాలంటే ఎవరో ఒకరు రిటైర్ కావాలి.

ఈ వరుసలో ప్రతిభ గల పిల్లలు చాలామంది నిలబడతారు. చివరిదాకా నిలబడేది మాత్రం ఓపిక పట్టగలిగినవాళ్లు. ఓపిక అంటే ఇక్కడ స్వభావం అనుకోకూడదు. నెల నెలా ఇంటి నుంచి డబ్బు వస్తే ఓపిక దానంతటదే వస్తుంది. విద్యారుణం వాయిదాలు తరుముతుంటే, ఇంటికి తానే డబ్బు పంపాల్సి ఉంటే, ఎంత ఇష్టమున్నా ముప్పై ఏళ్లు దాటేలోపు ఏ బడిలో టీచర్‌గానో, ఏ కంపెనీలోనో చేరిపోతారు. వాళ్లను ఎవరూ వద్దు అనలేదు. ఇంటర్వ్యూ బోర్డు చేతిలో వివక్ష జరిగినట్టు ఏ కాగితం మీదా కనపడదు. అందుకే ఈ అసమానతను రుజువు చేయడం అంత కష్టం. తప్పుకున్నవాళ్లు దరఖాస్తుల లెక్కలో కూడా ఉండరు.

ఈ మౌనం కొంత తెగింది 2019 మే 31న. అమెరికాలో కొందరు మ్యూజియం ఉద్యోగులు ఇంటర్నెట్‌లో ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, మీ జీతం ఎంతో పేరు లేకుండా రాయండి అన్నారు. కొద్ది వారాల్లోనే వేలాది మంది రాశారు. ఒకే హోదాకు ఒక మ్యూజియానికీ ఇంకో మ్యూజియానికీ ఎంత తేడా ఉందో, పీజీ చేసినవాళ్లకు మొదటి జీతం ఎంత వస్తుందో అందరి కళ్లముందుకూ వచ్చింది. అదే ఏడాది జూన్‌లో అమెరికా ఆర్ట్ మ్యూజియాల డైరెక్టర్ల సంఘం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వాలని తీర్మానం చేసింది. అంతకు చాలా ముందే, 1993లో, లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ సంస్థ ఈ వృత్తిలో అరుదుగా కనిపించే సమూహాల విద్యార్థుల కోసం జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్‌లు మొదలుపెట్టింది. తలుపు తెరవడం సాధ్యమేనని అది చూపించింది. కానీ ఆ కొద్ది నెలల జీతం తర్వాత వచ్చే కాంట్రాక్టుల బతుకును ఏ ఇంటర్న్‌షిప్పూ మార్చలేదు.

ఒకే కప్పు కింద ఇద్దరు యజమానులు

గ్యాలరీల అంతస్తులో పరిస్థితి వేరు. గార్డులు, ఊడ్చేవాళ్లు, టికెట్ కౌంటర్, దుకాణం, క్యాంటీన్ సిబ్బంది ఎదుర్కొనే సమస్య వృత్తిలోకి ప్రవేశం దొరక్కపోవడం కాదు. లోపలే ఉంటారు, కానీ చాలాచోట్ల మ్యూజియం వాళ్ల యజమాని కాదు. పని కాంట్రాక్టు కంపెనీకి వెళ్లిపోతుంది. ఒకే గదిలో ఒకే చిత్రం ముందు నిలబడిన ఇద్దరిలో ఒకరికి ఉన్న పింఛను, అనారోగ్య సెలవు ఇంకొకరికి ఉండవు. లండన్‌లోని నేషనల్ గ్యాలరీ 2015లో గ్యాలరీ సిబ్బంది పనులను ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీకి అప్పగించాలనుకున్నప్పుడు ఉద్యోగులు 100 రోజులకు పైగా సమ్మె చేశారు. చివరికి ఆ కాంట్రాక్టు ఇవ్వనే ఇచ్చారు. 2018 జనవరిలో కారిలియన్ అనే పెద్ద కాంట్రాక్టు కంపెనీ దివాలా తీసినప్పుడు, బ్రిటిష్ మ్యూజియంలో దాని తరఫున పనిచేస్తున్నవాళ్లు మమ్మల్ని నేరుగా మ్యూజియం ఉద్యోగులుగా తీసుకోండి అని అడిగారు. మ్యూజియం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది రచయిత్రి అహదాఫ్ సోయిఫ్ ఆ మ్యూజియం ట్రస్టీ (పాలక మండలి సభ్యురాలి) పదవికి రాజీనామా చేస్తూ చెప్పిన కారణాల్లో ఈ కార్మికుల విషయం కూడా ఒకటి. ట్రస్టీల బల్ల దగ్గర కూర్చున్న ఒకరు పారిశుధ్య సిబ్బంది కోసం కుర్చీ వదిలేయడం ఈ రంగంలో అరుదు, అందుకే దాన్ని గుర్తుపెట్టుకున్నాను.

2020లో కోవిడ్ వచ్చి తలుపులు మూసినప్పుడు ఈ పొరలు మరింత స్పష్టంగా కనిపించాయి. బ్రిటన్‌లోని టేట్ గ్యాలరీలు దుకాణాలు, క్యాంటీన్లు, ప్రచురణలు నడిపే తమ వాణిజ్య విభాగంలో 313 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించాయి. ఇంట్లో కూర్చుని కేటలాగ్ వ్యాసం రాయొచ్చు. కాఫీ కౌంటర్‌ను ఇంటికి తీసుకెళ్లలేం.

ఈ రెండు అంతస్తుల మధ్యలో ఇంకొకరున్నారు, వాళ్ల గురించి తక్కువగా మాట్లాడతారు: సందర్శకులకు, బడి పిల్లలకు కళను వివరించే ఎడ్యుకేటర్లు. చదువులో క్యూరేటర్‌కు దగ్గర, ఉద్యోగ భద్రతలో గార్డు కన్నా దిగువ. నేషనల్ గ్యాలరీలోనే 27 మంది ఎడ్యుకేటర్లు, కొందరు దశాబ్దాలుగా, పాఠాలు చెబుతూ వచ్చారు. 2017 అక్టోబర్‌లో వాళ్లను ఒక్కసారిగా తొలగించారు. వాళ్లు మా ఉద్యోగులే కారు, ఎవరి పని వాళ్లు చేసుకునే స్వతంత్రులు అని గ్యాలరీ వాదించింది. ఇన్నేళ్లూ వాళ్లకు డబ్బు చెల్లించింది జీతాల పట్టిక ద్వారానే, పన్ను కోసిందీ అక్కడే. 2019లో ఉద్యోగ వివాదాలు తేల్చే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ వాళ్లను చట్టం ప్రకారం 'వర్కర్లు'గా గుర్తించింది. పూర్తిస్థాయి ఉద్యోగులుగా మాత్రం గుర్తించలేదు. అంటే కొన్ని హక్కులు దక్కాయి, అన్నీ దక్కలేదు.

ఉచితంగా పనిచేసేవాళ్ల ప్రశ్న

వలంటీర్ల విషయంలో తీర్పు చెప్పడం నాకు అంత తేలిగ్గా అనిపించదు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 1961 నుంచి డోసెంట్ల పథకం ఉండేది. డోసెంట్లంటే జీతం తీసుకోకుండా సందర్శకులకు చిత్రాలను వివరించేవాళ్లు. ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు శిక్షణ పొంది, ఆపైన ఏళ్ల తరబడి చదువుతూ, ప్రేమతో ఆ పని చేశారు. 2021 సెప్టెంబర్‌లో మ్యూజియం ఆ పథకాన్ని ఆపేసింది. అప్పటికి 82 మంది చురుగ్గా పనిచేస్తున్నారు. ఎక్కువమంది తెల్లజాతి మహిళలు, వయసులో పెద్దవాళ్లు, పగటిపూట తీరిక దొరికే ఇళ్లవాళ్లు. వాళ్ల స్థానంలో జీతమిచ్చే ఎడ్యుకేటర్లను పెట్టుకుంటామని మ్యూజియం చెప్పింది. పెద్ద దుమారం రేగింది. ఇన్నేళ్లు ఉచితంగా సేవ చేసినవాళ్లను ఒక్క ఉత్తరంతో పంపించేశారని కొందరు బాధపడ్డారు.

ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఇన్నేళ్లు ఇచ్చినవాళ్లకు అలా వీడ్కోలు చెప్పడం సరికాదు. అయినా ఒక లెక్క ఉంది. అత్యంత నైపుణ్యం కావాల్సిన పనిని ఏళ్ల తరబడి ఉచితంగా చేసిపెట్టేవాళ్లు దొరికినంతకాలం, ఆ పనికి ధర ఎంతన్న ప్రశ్నే పుట్టదు. దాన్ని బతుకుతెరువుగా చేసుకోవాలనుకునే యువతికి పోటీ అక్కడ సున్నా జీతంతో. ఎవరి మంచితనం మీదా మచ్చ వేయకుండానే ఈ మాట అనొచ్చు. తీరిక కూడా ఒక ఆస్తే, దాన్ని దానమిచ్చినప్పుడు అది లేనివాళ్ల మీద దాని భారం పడుతుంది. చిన్న మ్యూజియాల సంగతి వేరు. వలంటీర్లు లేకపోతే అవి తలుపే తెరవలేవు. పెద్ద సంస్థలకు ఆ మినహాయింపు ఇవ్వలేను.

డబ్బు లేదా?

మ్యూజియాలు ఎప్పుడూ చెప్పే జవాబు డబ్బు లేదని. ఇందులో ఒక మెలిక ఉంది. ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం 23.3 కోట్ల డాలర్ల ఖర్చుతో భవనాన్ని పునరుద్ధరించి 2021లో తెరిచింది. మరుసటి ఏడాది శరదృతువులో అక్కడి ఉద్యోగులు 19 రోజులు సమ్మె చేశారు. వాళ్లకు దక్కినవాటిలో, గంటకు కనీస వేతనం 15 డాలర్ల నుంచి 16.75 డాలర్లకు పెరగడం ఒకటి, బిడ్డ పుట్టినప్పుడు నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు ఇంకొకటి. అప్పటిదాకా ఆ సెలవు లేదు.

కోట్లు ఉండి కూడా గంటకు ఒకటి ముప్పావు డాలర్లు పెంచడానికి సమ్మె ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ఆ డబ్బు చేతులు కట్టేసుకుని వస్తుంది. దాత కొత్త గ్యాలరీకి ఇస్తాడు, పేరు గోడ మీద చెక్కుతారు. దాత ఒక క్యూరేటర్ పోస్టుకు నిధి పెడతాడు, ఆ పోస్టుకు అతని పేరు వస్తుంది. రాత్రి షిఫ్టు గార్డు అనారోగ్య సెలవుకు ఎవరూ నిధి పెట్టరు. ఇలా ఫలానా పనికే ఖర్చుపెట్టాలన్న షరతుతో వచ్చే డబ్బును జీతాలకు మళ్లించడం చట్టరీత్యా కష్టమే, ఆ మాట నిజం. కానీ దాతను ఏది అడగాలో నిర్ణయించేది మ్యూజియమే. ట్రస్టీల మండలిలో చోటు సాధారణంగా పెద్ద విరాళం ఇవ్వగలిగినవాళ్లకు దక్కుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో గంట జీతం మీద బతికిన అనుభవం ఎందరికి ఉంటుంది? అడగాలన్న ఆలోచనే అక్కడికి చేరదు.

పేదరికం ఇతివృత్తంగా ఉన్న మ్యూజియాలు కూడా దీనికి అతీతం కావు. న్యూయార్క్‌లోని టెనెమెంట్ మ్యూజియం, వలసవచ్చిన కార్మిక కుటుంబాలు బతికిన ఇరుకు గదులను చూపించి వాళ్ల కథలు చెబుతుంది. 2019లో అక్కడి సిబ్బంది కూడా యూనియన్ పెట్టుకున్నారు. ఆ కథలను రోజూ నోటితో చెప్పే గైడ్లకు వాటి అర్థం వేరే ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

కనిపించని యూనిఫాం

అమెరికాలో ఈ భేదం జాతి భేదంతో పెనవేసుకుపోయింది. కళలకు నిధులిచ్చే మెలన్ ఫౌండేషన్ 2015లో వెలువరించిన సర్వే ప్రకారం ఆర్ట్ మ్యూజియాల్లో క్యూరేటర్లు, కన్సర్వేటర్లు, ఎడ్యుకేటర్లు, నాయకత్వ స్థానాల్లో 84 శాతం తెల్లజాతివాళ్లు, నల్లజాతివాళ్లు 4 శాతం. అదే సెక్యూరిటీ, భవన నిర్వహణ విభాగాలకు వస్తే పరిస్థితి చాలా భిన్నం. ఫ్రెడ్ విల్సన్ అనే నల్లజాతి కళాకారుడు దీన్ని మాటల్లేకుండా చెప్పాడు. 1991లో న్యూయార్క్‌లోని నాలుగు మ్యూజియాల గార్డు యూనిఫాంలు తొడిగిన నాలుగు నల్లని బొమ్మలను నిలబెట్టాడు, వాటికి తలలు లేవు. ఆయన స్వయంగా గార్డుగా పనిచేసినవాడు. మరోసారి విట్నీ మ్యూజియంలో డోసెంట్లను పలకరించి, పైన గ్యాలరీలో కలుద్దామని చెప్పి వెళ్లి, గార్డు యూనిఫాం వేసుకుని నిలబడ్డాడు. వాళ్లు ఆయన కోసం వెతుకుతూ ఆయన ముందు నుంచే వెళ్లారు, ఎవరూ గుర్తుపట్టలేదు.

యూనిఫాం మనిషిని ఇంతగా మాయం చేస్తే, ఆ మనిషికి తెలిసిన విషయాలూ మాయమవుతాయి. పిల్లలు ఏ శిల్పం దగ్గర చెయ్యి చాస్తారో, ఏ చిత్రం ముందు జనం ఎక్కువసేపు ఆగుతారో, వాన పడితే పైకప్పులో ఏ మూల కారుతుందో గార్డుకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. రోజుకు ఎనిమిది గంటలు అదే చిత్రాన్ని చూసే అవకాశం ఏ పండితుడికీ రాదు. రాబర్ట్ రైమన్ శాక్సఫోన్ వాయించడానికి న్యూయార్క్ వచ్చి, 1953 నుంచి 1960 దాకా మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో గార్డుగా నిలబడి, చూస్తూ చూస్తూ బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. ఆయన చిత్రాలు ఇప్పుడు అదే మ్యూజియం సేకరణలో ఉన్నాయి. చెప్పుకోవడానికి ఇది మంచి కథే. కానీ ఆయన ఎదిగింది ఆ ఉద్యోగంలో మెట్లెక్కి కాదు, దాన్ని వదిలేశాక. గార్డు నుంచి క్యూరేటర్ దాకా వెళ్లే నిచ్చెన మ్యూజియాల్లో లేదు.

నిచ్చెన లేకపోవడమే కాదు, అమెరికాలో చట్టం కూడా వాళ్లను విడదీసే ఉంచింది. 1947లో వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ప్రకారం, కార్మిక బోర్డు గార్డులనూ మిగతా ఉద్యోగులనూ జీతాల గురించి యజమానితో కలిసి బేరమాడే ఒకే యూనిట్‌గా ధ్రువీకరించడానికి వీల్లేదు. సమ్మె వస్తే యజమాని ఆస్తిని కాపాడాల్సిన గార్డు, సమ్మె చేసేవాళ్ల పక్షాన ఉండకూడదన్నది అందులోని తర్కం. ఫ్యాక్టరీల కోసం చేసిన ఆ ఏర్పాటు మ్యూజియంలో చిత్రాన్ని వివరించే మనిషికీ, దాని పక్కన నిలబడే మనిషికీ మధ్య గోడ కట్టింది. యజమాని ఒప్పుకుంటే తప్ప ఆ గోడ దాటలేరు.

2022 మార్చి నుంచి జూలై దాకా బాల్టిమోర్ ఆర్ట్ మ్యూజియంలో ఒక ప్రదర్శన జరిగింది. అందులోని కళాఖండాలను ఎంచుకుని, వాటి గురించి ఏం చెప్పాలో ఆలోచించింది అక్కడి 17 మంది గార్డులు. ఆ పనికి వాళ్లకు విడిగా డబ్బు చెల్లించారు. జూలై 10న ప్రదర్శన ముగిసింది, గార్డులు మళ్లీ గ్యాలరీల్లో తమ చోట్లకు వెళ్లారు. అదే నెలలో ఆ మ్యూజియం ఉద్యోగులు యూనియన్ కావాలని ఓటేశారు.